వెనకడుగు పాట: గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ‘ఇండీ’ని వెతుక్కుంటూ

ఈ ప్రయాణం ఒక పోస్టరుతో మొదలైంది. ఆగస్టు మొదట్లో హైదరాబాద్‌లో మా కాలేజీ గోడ మీద ‘ఇండీ సాయంత్రం’ అని అంటించారు. కింద గిటారు బొమ్మ, దాని పక్కన కళ్లు మూసుకున్న అమ్మాయి బొమ్మ. నాకు ఈ మధ్యే మాటల పిచ్చి పట్టింది. కొత్త మాట కనబడితే దాన్ని జేబులో వేసుకుని తిరిగి, అర్థం తేలేదాకా నిద్రపోను. క్యాంటీన్‌లో కూర్చుని ఇండీ అంటే ఏమిటని అడిగాను. సినిమాలో లేని పాట అన్నారొకరు. గిటారుతో మెల్లగా, గొంతు పెంచకుండా పాడేది అన్నారు ఇంకొకరు. దిగులు పాట అని ఒకరు, ఎవరికీ తెలియనివాళ్ల పాట అని మరొకరు. నెట్‌లో చూస్తే రెండు అర్థాలు దొరికాయి. పెద్ద మ్యూజిక్ కంపెనీ అండ లేకుండా సొంతంగా బయటికి తెచ్చుకున్న పాట అనేది ఒకటి. ఒక రకంగా వినిపించే పాట అనేది రెండోది. పాట ఎవరిదో చెప్పే మాట, పాట ఎలా ఉంటుందో చెప్పే మాట ఒకటే ఎలా అయిందో నాకు అర్థం కాలేదు.

హాస్టల్లో నా పక్క మంచం మౌనికది. వాళ్లది వనపర్తి జిల్లా వీపనగండ్ల. బట్టలు ఉతుకుతూ, జడ అల్లుకుంటూ తను కట్టుకున్న పాట ఒకటి పాడుతూ ఉంటుంది. ఆ రోజు నా గోలంతా విని, “శనివారం నాగర్‌కర్నూల్ పోతున్న. నా పాట రికార్డు చేస్తరంట. నువ్వు గూడ రా, నీ ఇండీ ఆడ దొరుకుతదేమో” అంది.

నాగర్‌కర్నూల్‌లో ఒకాయన పల్లె పాటలకు డీజే దరువు కట్టి, డ్యాన్సులతో వీడియో తీసి తన ఛానల్లో పెడతాడు. ఊరూరా పెళ్లి బరాత్‌లలో మోగేవి అవే. మౌనిక వాళ్లమ్మ పుణెలో భవనాల పనిలో ఉంది. సాయంత్రం పని దిగాక రేకుల షెడ్లలో అందరి ఫోన్లలోనూ ఆ ఛానలే మోగుతుందట. నీ పాట నువ్వే అమ్మకు పంపొచ్చు కదా అన్నాను.

“నేను పంపితె వింటది. గట్ల గాదు. దానంతట అదే ఆడికి పోవాలె. పక్క షెడ్డుల మోగుతుంటె మా అమ్మ ఇని, ఇది నా బిడ్డ గొంతు అని నలుగురికి చెప్పాలె. నాకు గది గావాలె.”

ఆమె అంతకుముందు ఏదీ కావాలని అనగా నేను వినలేదు.

కాచిగూడలో పొద్దున్నే రైలెక్కితే గద్వాలకు నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. జనరల్ బోగీలో కిటికీ సీట్లు దొరికాయి. షాద్‌నగర్ దాటాక మబ్బు కిందికి దిగి, చేలు, గుట్టలు, స్తంభాలు అన్నీ తడి గుడ్డ వెనక నుంచి చూసినట్టు కనిపించాయి. ముందు గద్వాలకే ఎందుకంటే పాటలో జవాబు పాడాల్సిన మనిషి అక్కడుంది. మౌనిక చిన్నమ్మ బాలమ్మ. పెళ్లయి గద్వాలకు వచ్చేదాకా మౌనిక వాళ్లమ్మతో కలిసి నాట్లకు వెళ్లేది. ఇప్పుడు ఒక నేత ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతుంది.

ఆమె బస్టాండు దగ్గర హోటల్లో మా కోసం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చెప్పి కూర్చుంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని ప్లేటు నలభై రూపాయలు, బజ్జీలతో కలిపి. గద్వాల వెళితే పొద్దున ఇంకేదీ తినకండి. నా పేరు రమ్య అని చెప్పగానే ఆమె నా చున్నీ అంచు పట్టుకుని చూసింది.

“ఇది గద్వాల అని అమ్మిండ్రా నీకు?”

హైదరాబాద్‌లో కొన్నానని, గద్వాల చున్నీ అనే చెప్పారని అన్నాను.

“గద్వాల పట్నం మొఖం చూసింది లేదు ఇది. మిషిని మీద నేసింది. ఇప్పుడు ఏడ చేసినా, నూలు బట్టకు పట్టంచు ఉంటె సాలు, గద్వాల అంటుండ్రు.”

“మరి అసలు గద్వాల అంటే ఏంటి చిన్నమ్మా, ఊరి పేరా, నేత పేరా?”

“ఊరి పేరే. ఆ ఊరోళ్లు ఒక తీరుగ నేస్తిరి. తీరు నచ్చె. ఇగ తీరుకు ఊరి పేరు అంటుకపాయె,” అని బజ్జీ తుంచింది. “మంచిగుంది లే, కట్టుకో. బట్టదేం తప్పు.”

నాలుగు రోజులుగా నెట్‌లో వెతుకుతున్నది నాకు ఉగ్గాని ప్లేటు ముందు దొరికింది. ఎక్కడో కొందరు కంపెనీల గడప తొక్కకుండా, ఉన్న చిన్న సామానుతో, సొంత గదుల్లో పాటలు చేసుకున్నారు. పాట ఎవరి చేతిలో ఉందో చెప్పడానికి దాన్ని ఇండిపెండెంట్ అన్నారు, ముద్దుగా ఇండీ అన్నారు. చిన్న సామానుతో చేసిన పాటలు కాబట్టి వాటికొక తీరు వచ్చింది. జనానికి ఆ తీరు నచ్చింది. చేతులు మారినా తీరుకు పేరు అంటుకుపోయింది. ఇప్పుడు పెద్ద కంపెనీ కూడా ఆ తీరులో పాట చేయించి ఇండీ అని అమ్మగలదు. నా చున్నీలాగే.

గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా బీచుపల్లికి ముప్పావు గంట. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, కానీ తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ అసలు కార్డు దగ్గరుండాలి. నేను ఫోన్లో ఫోటో చూపిస్తే కండక్టర్ తల అడ్డంగా ఊపాడు. “ఫోన్ల ఫోటో నడువదు తల్లీ, కార్డు తియ్యి.” మాది ఖమ్మం జిల్లా, కార్డు బ్యాగు అడుగున ఉంది, వెతికేసరికి ఎర్రవల్లి వచ్చింది. ఈలోగా మౌనిక, బాలమ్మ వెనక సీట్లో పాట మొదలుపెట్టారు. కండక్టర్ నా చేతిలో సున్నా రూపాయల జీరో టికెట్ పెట్టి వాళ్లవైపు చూసి, “పాటకు గూడ జీరో టికెట్టేనా చిన్నమ్మా” అన్నాడు. “నువ్వు ఇంటున్నవ్ గద, నువ్వే కట్టు” అంది బాలమ్మ. అతను నవ్వుకుంటూ ముందుకు వెళ్లి, తర్వాతి స్టాపు దాకా ఈల వేయలేదు.

బీచుపల్లిలో ఆంజనేయుడికి దండం పెట్టుకుని కృష్ణ ఒడ్డుకు దిగాం. నది నిండుగా, మట్టి రంగులో, చప్పుడు లేకుండా పోతోంది. దూరంగా హైవే వంతెన మీద లారీలు బొమ్మల్లా కదులుతున్నాయి. అక్కడ మెట్ల మీద కూర్చుని మొదటిసారి పాట సాంతం విన్నాను.

మడిల అడుగేస్తె మబ్బు గదిలింది, అంటుంది మౌనిక. తర్వాత ఆగుతుంది. ఆ ఆగడం చిన్నది కాదు. మాట మరిచిపోయిందేమో అని మనకు కంగారు పుట్టేంత. అప్పుడు బాలమ్మ అందుకుంటుంది, గదిలిందో అక్కా మబ్బు గదిలింది. రెండో చరణం, ఎనకడుగు ఏస్తేనె పైరు నిలిసింది. మళ్లీ ఖాళీ. మళ్లీ జవాబు.

“మధ్యలో ఎందుకు ఆగుతావు?” అని అడిగాను.

మౌనిక చిన్నమ్మను చూసింది. బాలమ్మ లేచి, చీర కుచ్చిళ్లు దోపుకుని, మెట్టు మీద నడుం వంచింది. నాటు వేసేవాళ్లు వెనక్కి జరుగుతూ వేస్తారట. ముందుకు నడిస్తే నాటిన మొక్కలు కాలికింద పడతాయి. పాట చెప్పే మనిషి ఒక మాట అనగానే వరసలో ఉన్న ఆడవాళ్లంతా బురదలోంచి కాలు పీకి వెనక్కి వేస్తారు, పక్కనున్న నారు కట్ట అందుకుంటారు. ఆ కాస్త సేపు ఎవరి నోటా మాట రాదు. కాలు కుదురుకున్నాక జవాబు.

“గా ఖాళీ మాది,” అంది బాలమ్మ నడుం ఎత్తుతూ. “పాట చెప్పెటామెది గాదు. వరసల ఉన్నోళ్లది.”

బీచుపల్లి నుంచి పెబ్బేరు, అక్కడ బస్సు మారి వనపర్తి. గంటకు పైనే పట్టింది. వనపర్తిలో సన్నగా వాన. బస్టాండు ఎదురుగా మెస్సులో ఎనభై రూపాయల భోజనం, పచ్చిపులుసు రెండోసారి అడిగితే గిన్నె అక్కడే పెట్టి వెళ్లారు. నా బుర్రలో పోస్టరు మీది గిటారు ఇంకా ఉంది. ఈ పాటకు డీజే దరువు ఎందుకు, మెత్తగా ఒక గిటారు పెట్టి పాడితే చక్కగా ఇండీ అవుతుంది కదా అన్నాను.

మౌనిక అన్నం కలుపుతూ, “గిటారు పెడ్తె ఇండీ అయితది, దరువు పెడ్తె ఫోక్ అయితది. మరి ఇప్పుడు ఏం లేకుండ పాడుతున్న గద, ఇప్పుడేంది ఇది?” అంది.

బాలమ్మ నా కంచంలో అప్పడం వేసింది. “తిను బిడ్డ, పేరు తర్వాత పెడ్దువు.”

వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ బస్సు గంటన్నర తీసుకుంది. ఆ గంటన్నర నాకు ఇప్పటికీ మేలుకుని చూసినట్టు అనిపించదు. కిటికీ అద్దం మీద నీటి చారలు, వాటి వెనక మడులు, మడుల్లో ఆకాశం. ఒకచోట రంగురంగుల చీరలు వరసగా వంగి ఉన్నాయి. బస్సు ముందుకు పోతోంది, ఆ వరస వెనక్కి జరుగుతోంది. వాళ్ల పెదాలు కదిలాయి, పాట వినబడలేదు. వాళ్ల కాళ్ల దగ్గర నీళ్లలో మబ్బు ముక్కలై మళ్లీ అతుక్కుంది. మౌనిక పాటలో మొదటి మాట కల్పన అనుకున్నాను. చూసి రాసిందని అప్పుడు తెలిసింది.

స్టూడియో నాగర్‌కర్నూల్ బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో, ఎరువుల దుకాణం పైన ఉంది. బయటి చప్పుడు రాకుండా గోడల నిండా గుడ్ల అట్టలు, తలుపుకు దుప్పటి, ఒక మైకు, ఒక కంప్యూటరు, ఎరువుల వాసన. యజమాని యాదన్నకు ముప్పై దాటి ఉంటాయి. మమ్మల్ని చూడగానే చాయ్ తెప్పించాడు. మౌనిక ఫోన్లో పంపిన పాట అతనికి నోటికి వచ్చు.

మౌనిక గొంతు రెండో ప్రయత్నానికే కుదిరింది. చిక్కంతా బాలమ్మతో వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి మైకు ముందు నిలబెడితే ఆమె ప్రతిసారీ ముందో వెనకో అందుకుంది. యాదన్న చేత్తో సైగ చేశాడు, తల ఊపాడు, చివరికి “చిన్నమ్మా, జర చూసుకొని” అన్నాడు. ఆమె పరేషాన్ అయిపోయింది.

“నిలవడితె ఎట్ల తెలుస్తది నాయినా, ఎప్పుడు అందుకోవాల్నో. కాలు చెప్తది నాకు.”

“అయితె కాలు వెయ్యి చిన్నమ్మా, ఎవలొద్దన్నరు.”

ఆమె వంగి ఒక అడుగు వెనక్కి వేసింది. జవాబు సరిగ్గా పడింది. ఇంకో అడుగు వేసేసరికి హెడ్‌ఫోన్ తీగ లాగింది. “ఈ తాడు నన్ను బర్రెను గుంజినట్టు గుంజుతుంది” అని దాన్ని తీసి మౌనిక చేతిలో పెట్టింది. మూడో అడుగుకు వీపు తలుపుకు తగిలింది. యాదన్న నవ్వుతూ దుప్పటి తొలగించి తలుపు తీశాడు. బాలమ్మ పాడుతూ వరండాలోకి వెళ్లిపోయింది. ఆమె గొంతు ఒక్కో చరణానికి కొంచెం కొంచెం దూరమవుతూ, మెట్ల గోడకు తగిలి తిరిగి వస్తూ, చివరికి వాన చప్పుడులో కలిసింది. యాదన్న కంప్యూటరు ముందు కదలకుండా కూర్చున్నాడు. “ఇదేంది, పొలం గట్టు మీద కూసున్నట్టుంది” అన్నాడు, ఎవరితోనూ కాదు.

తర్వాత దరువు పెట్టి వినిపించాడు. దరువు బాగుంది, నా కాలు దానంతట అదే ఆడింది. మౌనిక కళ్లు మెరిశాయి. అప్పుడు మొదటి ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఒక అమ్మాయి గొంతు ఛానల్ పేరు చెప్పింది. రెండో ఖాళీలోనూ అదే.

“అన్నా, నీ ఛానల్ పేరు మొదట్ల పెట్టరాదు?” అంది మౌనిక.

“మొదట్ల పెడ్తె గంత ముక్క కోసి, వాళ్ల పేరు మీద ఎక్కించుకుంటున్నరు బిడ్డ. నావి ఎన్ని పాటలు పోయినయో. నడుమల ఉంటె తియ్యరాదు. ఆడ ఎట్లాగు ఖాళీనే ఉంది గద.”

“ఖాళీ గాదు నాయినా, మేం అడుగేసె జాగ,” అంది బాలమ్మ.

యాదన్న చెడ్డవాడు కాదని ఇది చదివేవాళ్లకు తెలియాలి. దాపరికం లేకుండా చెప్పాడు. తన ఛానల్లో పెడితే పాట ఛానల్‌ది, పేరు నడుమనే ఉండాలి, వీడియో ఖర్చు తనది, చాలామంది వింటారు. వద్దనుకుంటే గంటకు ఐదు వందల చొప్పున రికార్డింగ్ ఛార్జీ ఇచ్చి, దరువు లేని పాట తీసుకెళ్లి మౌనిక సొంతంగా పెట్టుకోవచ్చు. “సొంతంగ పెడ్తె మీ దోస్తులు ఇంటరు, అంతే. ఆలోచించుకో” అని రెండు రకాలూ ఆమె ఫోన్‌కు పంపాడు.

కింద చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. మౌనిక రెండు పాటలూ మార్చి మార్చి వింది. ఏది ఇండీయో నాకు ఇప్పుడు స్పష్టంగా తెలుసు, కానీ ఆ మాట ఆమెకు ఏం పనికొస్తుంది? ఒకవైపు పుణెలో పక్క షెడ్డులో దానంతట అదే మోగే పాట. ఇంకోవైపు అడుగు వేసే జాగా. రెండూ ఆమెవే, రెండూ కలిసి దొరకవు.

“రెండు మీ అమ్మకు పంపు,” అంది బాలమ్మ. “ఆమె పాట చెప్పంగనే గద నువ్వు నేర్చుకున్నది.”

పంపింది. పుణెలో పని దిగే వేళ. రెండు చాయ్‌లు అయ్యాక దరువు పాటకు జవాబు వచ్చింది, వాళ్లమ్మ గొంతులో. “మంచిగుంది బిడ్డ. పెద్దగ మోగుతుంది. అందరు ఇన్నరు.” మౌనిక చిన్నగా నవ్వింది. ఆమెకు కావలసింది అదే కదా అనుకున్నాను. ఆమె అడుగు స్టూడియో మెట్ల వైపు పడింది కూడా.

అంతలో రెండో జవాబు వచ్చింది, దరువు లేని పాటకు. ఇది పొడుగ్గా ఉంది. మొదట గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లను కసరడం, తర్వాత ఒక ఫోన్లో మోగుతూ ఇంకో ఫోన్లోకి ఎక్కిన మౌనిక గొంతు. మడిల అడుగేస్తె మబ్బు గదిలింది. ఖాళీ. ఆ ఖాళీలో గాజుల చప్పుడు, నేల మీద కాళ్ల చప్పుడు. తర్వాత జవాబు. బాలమ్మ గొంతు వినబడలేదు, దాన్ని ముంచేస్తూ ఏడెనిమిది మంది ఆడవాళ్ల గొంతులు, ఒకటి ముందు, ఒకటి వెనక, గదిలిందో అక్కా మబ్బు గదిలింది. పాట చివరిదాకా అలాగే పాడారు. ఆఖర్న ఎవరో కొత్త గొంతు వాళ్లమ్మను అడుగుతోంది, “ఎవలు పాడింది?”

“నా బిడ్డ.”

అక్కడితో ఆగింది. చాయ్ బండి ఆయన కూడా చేతిలో గిన్నె పట్టుకుని విన్నాడు. మౌనిక ముఖం అటు తిప్పుకుంది. బాలమ్మ తన గ్లాసు బండి మీద పెట్టి, “నా గొంతు మింగేసిండ్రు ముండలు” అంది, కళ్లు తుడుచుకుంటూ.

మేం పైకి వెళ్లి వినిపిస్తే యాదన్న రెండుసార్లు విన్నాడు. “దీన్ల నా ఛానల్ పేరు ఏడ పెట్టినా మధ్యల వచ్చిన సుట్టం లెక్కనే ఉంటది” అని గంట డబ్బులే తీసుకున్నాడు. “ఇంకో పాట కట్టు, ఖాళీ లేనిది. గది నాకియ్యి.” మౌనిక సరేనంది. ఇస్తుంది కూడా.

ఆ సాయంత్రం వాళ్లిద్దరూ తెలకపల్లి బస్సెక్కారు, బాలమ్మ కూతురింటికి. నేను హైదరాబాద్ బస్సులో కూర్చున్నాను, మూడు గంటల దారి. కల్వకుర్తి దాకా నిద్రా మెలకువా కాని స్థితిలో ఉన్నాను. ఆదివారం పొద్దున మౌనిక ఫోన్ చేసింది. పాట తన పేరుతో పెడుతోందట, ఏ రకం పాట అని అడిగే చోట ఆగిపోయింది. “మాటలన్ని నీ దగ్గరుంటయి గద, చెప్పు.” గద్వాల చున్నీ నా కుర్చీ మీద ఉంది. ఇండీ అనేది ఒకప్పుడు ఎవరిది అనే ప్రశ్నకు జవాబు, ఇప్పుడు ఎలా ఉంటుంది అనే ప్రశ్నకూ జవాబు, నీ పాట మొదటి ప్రశ్నకు పూర్తిగా ఇండీయే అన్నాను. రెండో ప్రశ్నకు ఏం రాయాలి అంది. పక్క నుంచి బాలమ్మ, “నాటు పాట అని రాయి” అంది. అదే రాసింది. వినేవాళ్లు ఇప్పటికీ తక్కువే. కానీ పుణె నుంచి ఎవరో బీదర్ కూలీలు ఉండే ఇంకో షెడ్డుకు పంపారట, అక్కడివాళ్లు జవాబు కన్నడలో పాడి తిప్పి పంపారు. సొంతం అంటే ఎవరినీ రానివ్వని గది అనుకునేదాన్ని. ఇంకొకరు కాలు పెట్టడానికి జాగా వదిలే హక్కు చేతిలో ఉండటం కూడా సొంతమేనని ఆ పాట వింటుంటే అనిపిస్తుంది.

మీరు ఈ దారిలో వెళ్లేటట్టయితే నాట్ల రోజుల్లో వెళ్లండి, గోపాల్‌పేట దగ్గర ఎక్కడైనా దిగి కాసేపు గట్టు మీద నిలబడండి. పాట వినిపిస్తుంది. మధ్యలో ఆగిపోతుంది. అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి, రికార్డింగ్ ఆపి ఫోన్ జేబులో పెట్టుకోకండి. అడుగు పడుతోంది, ఆగండి.